తనంతట తానే విచ్చుకునే బకెట్

మే నెల, మంగళవారం రాత్రి

పొద్దున ఏడు కాకముందే ఫోన్ వచ్చింది. సూర్యాపేట దగ్గర ఒక ఊరి చెరువులో పూడిక మట్టి తీస్తున్న జేసీబీ బండి సరిగ్గా పనిచేయడం లేదట. "పంపు పోయిందంటున్నరన్నా. కొత్తది తెప్పించాల్నా, నువ్వొచ్చి చూస్తవా?" అని అడిగాడు ఓనర్. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నేను చూసేదాకా ఏమీ కొనొద్దని చెప్పి, ప్రెషర్ గేజీ, స్టీలు ప్లగ్గులు, స్పానర్ల పెట్టె తీసుకుని బయలుదేరాను.

జేసీబీలు, ఎక్స్‌కవేటర్ల హైడ్రాలిక్స్, అంటే ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే భాగాలు, చూడటం నా పని. ఏడాదిలో ఈ నెలంత ఒత్తిడి ఇంకెప్పుడూ ఉండదు. చెరువు మట్టిని పొలాలకు తోలుకోవడం మా వైపు ఎప్పటి నుంచో ఉంది. 2015లో చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక అది బండ్లతో పెద్ద ఎత్తున సాగింది. తొలకరి పడితే చెరువులోకి ట్రాక్టర్ దిగదు. అందుకే నేను వెళ్లేసరికి గట్టు మీద ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. బండికి గంట లెక్కన కిరాయి, ట్రాక్టర్లకు ట్రిప్పు లెక్కన. ఎండలో నిలబడ్డ ప్రతి రైతూ నా చేతుల వైపే చూస్తున్నాడు. అలాంటప్పుడే తొందరపడకూడదు.

ఆపరేటర్ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు. అడిగింది సూటిగా చెప్పే మనిషి, నాకు నచ్చాడు. వెనక బకెట్ మట్టిని పట్టడం లేదట. పళ్లు నేలలో దిగాక ముడవబోతే బలం చాలక మధ్యలో ఆగిపోతోందట. ఎలాగో నింపి ట్రాలీ వైపు తిప్పేలోపు బకెట్ దానంతట అదే మెల్లగా విచ్చుకుని మట్టి దారిలోనే రాలిపోతోందట. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొంత నయం, ఆయిల్ వేడెక్కే కొద్దీ ఎక్కువవుతోంది. వెనక పెద్ద చెయ్యి, అదే బూమ్, ఎలా లేస్తోందని అడిగాను. బాగానే లేస్తోందన్నాడు. బూమ్‌కీ బకెట్‌కీ మధ్య ఉండే ఆర్మ్, బండిని నిలబెట్టే కాళ్లు, ముందు బకెట్? అన్నీ బాగానే ఉన్నాయన్నాడు.

పంపు మీద అనుమానం అక్కడే సగం పోయింది. బండిలో ముందుకీ వెనక్కీ ఆయిల్ ఇచ్చేది ఆ పంపే. అది అరిగితే, లేదా ప్రెషర్ హద్దు దాటకుండా ఆయిల్‌ని ట్యాంక్‌కి వదిలే మెయిన్ రిలీఫ్ వాల్వ్ వదులైతే, అన్ని పనులూ నీరసిస్తాయి. ఒక్క బకెట్ మాత్రమే నీరసించిందంటే జబ్బు ఆ బకెట్ దారిలోనే ఎక్కడో ఉంది.

అయినా చెప్పిన మాట మీదే ఆగలేదు. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటే: ముందు సీట్లో కూర్చుని నీ చేతులతో ప్రతి లివరూ ఆడించు, ఆ తర్వాతే కిందికి దిగు. ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది, నురగ లేదు, రంగు తెల్లబడలేదు. పంపు దగ్గర ఈలలాంటి శబ్దం కూడా లేదు. ఇవన్నీ బాగుంటే గాలి లాగడం లేదని అనుకోవచ్చు.

తర్వాత ప్రెషర్ కొలిచే టెస్ట్ పాయింట్‌కి గేజీ తగిలించాను. ఇలాంటి బండ్లలో మెయిన్ ప్రెషర్ మోడల్‌ని బట్టి సుమారు 200 నుంచి 250 బార్ దాకా ఉంటుంది. బూమ్‌ని చివరిదాకా లేపి లివర్ పట్టి ఉంచితే ముల్లు 220 దగ్గర నిలబడింది. ఆర్మ్‌తో చూసినా అంతే. బకెట్‌ని పూర్తిగా ముడిచి పట్టుకుంటే 130 దాటలేదు. ఇంజన్ రేజ్ పెంచితే కాస్త ఎక్కింది, తగ్గిస్తే మళ్లీ పడిపోయింది. ఎక్కడో ఒక సందులోంచి ఆయిల్ కారిపోతోందన్నమాట. అలా చివరి దాకా నొక్కి పట్టి ఉంచడం ఏ బండికీ మంచిది కాదు, ఆయిల్ కాగిపోతుంది. కొన్ని సెకన్లు చూసి వదిలేయాలి.

ఓనర్ ఈలోగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఆ రిలీఫ్ స్క్రూ కొంచెం బిగిస్తే బలం రాదా?" అన్నాడు. ఈ మాట నేను వినని ఊరు లేదు. నాకు ఎక్కువ కోపం తెప్పించేదీ ఇదే. బలం లేదనగానే మెయిన్ ప్రెషర్ పెంచే ఆ స్క్రూ తిప్పేవాళ్లు రిపేరు చేస్తున్నామనుకుంటారు. కారే చోటు కారుతూనే ఉంటుంది. బాగున్న బూమ్, ఆర్మ్, హోస్‌లు, పంపు మాత్రం తమకు పనికిరాని ప్రెషర్ మోయాల్సి వస్తుంది. ఆయనకు గేజీ చూపించి, బూమ్‌కి వస్తున్న అంకె సరిగ్గానే ఉందని, ఆ స్క్రూ ముట్టుకునే అవసరమే లేదని చెప్పాను. అర్థం చేసుకున్నాడు.

ఇక మిగిలినవి మూడు. సిలిండర్‌లో పిస్టన్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే సీల్, కంట్రోల్ వాల్వ్‌లో ఆయిల్ దారి మార్చే కడ్డీ (స్పూల్), బకెట్‌కి ఆయిల్ వెళ్లే పోర్టుకి ఉండే చిన్న రిలీఫ్ వాల్వ్.

బకెట్ దిగజారితే అందరూ మొదట సీల్ కిట్ అనే అంటారు. అది నిజమయ్యే సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. వెనక బకెట్ ముడవాలంటే సిలిండర్ రాడ్ బయటికి రావాలి. బకెట్ విచ్చుకుంటోందంటే బరువుకి రాడ్ లోపలికి పోతోందని. రాడ్ లోపలికి పోవాలంటే దాని మందానికి సరిపడా చోటు కావాలి. సిలిండర్ లోపల నిండా ఆయిలే. రెండు పక్కలా దారులు మూసుకుని ఉంటే, సీల్ ఎంత అరిగినా ఆయిల్ పిస్టన్‌కి ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతుందే తప్ప బయటికి పోలేదు. అప్పుడు రాడ్ కొంచెం కుంగి ఆగిపోవాలి. ఆగకుండా పోతూనే ఉందంటే ఆయిల్ సిలిండర్ దాటి ట్యాంక్‌కి పోతోందని అర్థం. ఇది నాకు తెలిసినప్పటి నుంచి సిలిండర్ విప్పే ముందు రాడ్ మీద చాక్‌పీస్ గీత గీయడం అలవాటు చేసుకున్నాను.

ఈరోజూ అదే చేశాను. మట్టి నింపిన బకెట్‌ని నేలకు ఒక జానెడు ఎత్తులో ఉంచి, ఇంజన్ ఆపి, గీత గీసి, మనుషులందర్నీ దూరం జరిపాం. గీత ఆగలేదు. నెమ్మదిగా, వదలకుండా లోపలికి పోయింది.

ఆ పరీక్ష జరుగుతుండగా కుర్రాడు హోస్ వెంట అరచేయి ఆనించి తడి ఉందేమోనని తడుముతున్నాడు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. హోస్‌లో సూది మొనంత రంధ్రం ఉంటే అక్కడి నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోతుంది. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే కడిగి ఆయింట్‌మెంట్ రాసి ఊరుకోకూడదు. ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లి, ఒంట్లోకి ప్రెషర్ మీద ఆయిల్ దూరిందని డాక్టర్‌కి చెప్పాలి. కారుతున్నదేమో చూడాలంటే అట్టముక్క పట్టుకుని చూడాలి, అదీ దూరం నుంచి. బండి తోలడం నేర్పినవాళ్లెవరూ తనకు ఈ మాట చెప్పలేదన్నాడు. వింటున్నప్పుడు అతని ముఖం మారిపోయింది. ఇంకెవరు నీ దగ్గర పని నేర్చుకున్నా మొదట ఇదే చెప్పమన్నాను.

సీల్ బాగుందో లేదో పూర్తిగా తేల్చుకోకుండా ముందుకు పోవడం నాకిష్టం లేదు. బకెట్‌ని పూర్తిగా ముడిచి నేల మీద ఆనించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ప్రెషర్ దించి, రాడ్ వైపు హోస్ విప్పాను. హోస్ కొసకు స్టీలు ప్లగ్ బిగించి, సిలిండర్ పోర్టు కింద డబ్బా పెట్టాం. ఇంజన్ స్టార్ట్ చేసి లివర్‌ని ముడిచే వైపు మాత్రమే నొక్కమన్నాను. సీల్ పోయి ఉంటే ఆ పోర్టు లోంచి ధారగా కారాలి. లోపల మిగిలిన ఆయిల్ కాస్త వచ్చింది, ఆ తర్వాత చుక్కలే. సిలిండర్ బాగుంది. దాన్ని విప్పి సూర్యాపేట పంపించి ఉంటే ఓ రోజంతా పోయేది, బకెట్ మాత్రం అలాగే విచ్చుకునేది.

ఇక పోర్టు రిలీఫ్. లివర్ మధ్యలో ఉన్నప్పుడు బకెట్‌కి బండరాయి తగిలితే సిలిండర్‌లో చిక్కుకున్న ఆయిల్ ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది. అది సిలిండర్‌నో హోస్‌నో పగలగొట్టకుండా ఈ వాల్వ్ క్షణంపాటు తెరుచుకుని మూసుకుంటుంది. మామూలుగా మెయిన్ రిలీఫ్ కంటే ఎక్కువ ప్రెషర్‌కి సెట్ చేసి ఉంటుంది కాబట్టి రోజువారీ పనిలో తెరుచుకోకూడదు. చేయి దగ్గరికి తెస్తే మిగతా వాల్వుల కంటే అదే ఎక్కువ వేడిగా ఉంది, ఆయిల్ అందులోంచే కారుతోందన్నమాట. చుట్టూ ఉన్న దుమ్ము, గ్రీజు డీజిల్‌తో బ్రష్ పెట్టి శుభ్రంగా కడిగాకే విప్పాను. వాల్వ్ ఆని మూసుకునే చోటు, అంటే సీటు మీద బియ్యపు గింజంత నల్ల రబ్బరు ముక్క ఇరుక్కుని ఉంది.

"ఈ మధ్య ఏమైనా హోస్ మార్చారా?" అని అడిగితే బకెట్ హోస్ పగిలితే మార్పించామన్నారు. రాతిచక్రంతో కోసిన హోస్ లోపల రబ్బరు పొడి, ఇనుప రజను ఉండిపోతాయి. రెండు పక్కలా ఫిట్టింగులు నొక్కే ముందు గాలితో ఊది, కడగాలి. అది చేయలేదు. ఆ చెత్త ఆయిల్‌తో పాటు తిరుగుతూ ఉండి, ఎప్పుడో రాయి తగిలి వాల్వ్ తెరుచుకున్నప్పుడు ముక్క సీటులో దూరి ఉంటుంది. అప్పటి నుంచి ఆ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. బలం లేకపోవడానికీ, బకెట్ విచ్చుకోవడానికీ కారణం అదొక్కటే.

సీటు మీద గీతలు పడలేదు, అది అదృష్టం. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ రింగులు కొత్తవి వేసి, సెట్టింగ్ కదపకుండా తిరిగి బిగించాను. ఆ కొత్త హోస్ కూడా విప్పించి కడిగితే ఇంకా నల్లపొడి వచ్చింది. తర్వాత గేజీ మీద బకెట్‌కీ 220 పలికింది. చాక్ గీత గీసిన చోటే నిలబడింది. మధ్యాహ్నానికి మొదటి ట్రాలీ నిండి గట్టెక్కింది.

ఓనర్ ఆ రబ్బరు ముక్కని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, హోస్ చేసిన షాపువాళ్లకి చూపిస్తాడట. చూపించాలి కూడా.

పని ఇంకా పూర్తి కాలేదు. ట్యాంక్‌కి తిరిగొచ్చే ఆయిల్‌ని వడకట్టే రిటర్న్ ఫిల్టర్ మార్చాలి, దానికి సరిపడేది సూర్యాపేటలో రేపు తెరిచాక తెచ్చుకోవాలి. పాతది పారేయొద్దని కుర్రాడితో చెప్పాను. కోసి మడతలు తెరిచి చూస్తాం. రబ్బరే ఉంటే మిగతా హోస్‌లు కూడా కడగాలి. లోహపు పొడి కనిపిస్తే మాత్రం అప్పుడు పంపు గురించి మాట్లాడుకోవాలి.