పట్టేసిన భుజానికి కేజీ డంబెల్

2023 ఆగస్టులో తొమ్మిదో తరగతి బోర్డు మీద సాంద్రత సూత్రం రాద్దామని చెయ్యెత్తితే భుజం దాకా కూడా లేవలేదు. అంతకు నెల ముందు నుంచే రాత్రిళ్లు కుడివైపు తిరిగి పడుకోలేకపోతున్నాను. నొప్పి మందు రాసుకుంటూ నెట్టుకొచ్చాను. మెల్లగా జడ వేసుకోవడం పోయింది, చెయ్యి వీపు వెనక్కి వెళ్లడం పోయింది. క్లాసులో బోర్డు కింది సగంలోనే రాసేదాన్ని. వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడి చూసి రాసుకునేవాళ్లు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోతుందట, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుందట. మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు (HbA1c) చేయిస్తే 8.6 శాతం వచ్చింది, ఎక్కువే. తొమ్మిదేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతున్నాను, దానికీ భుజానికీ సంబంధం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఇది రాయడానికి సగం కారణం అదే.

ఫిజియోథెరపీ మొదలైంది. ముందుకు వంగి చెయ్యి వేలాడేసి గుండ్రంగా ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం. వేళ్లు అందినచోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసేదాన్ని. కొన్ని వారాలు గీత మీదే గీత పడేది. ఐదు నెలలకి నొప్పి తగ్గి, చెయ్యి తల దాకా వచ్చాక, "ఇక బలం తెచ్చుకోవాలి మేడమ్, డంబెల్స్ కొనుక్కోండి" అంది ఫిజియో అమ్మాయి.

మా అబ్బాయి ప్రేమగా రాడ్డూ ప్లేట్లూ ఉన్న సెట్టు పంపించాడు. వంటింటి కాటా మీద పెట్టి చూస్తే ఖాళీ రాడ్డే కేజీన్నర పైన ఉంది. అన్నిటికంటే చిన్న ప్లేటు కేజీంపావు. రెండు పక్కలా వేయాలి కాబట్టి ఒక్కసారిగా రెండున్నర కేజీలు పెరుగుతుంది. బలమైన కాళ్లకి, వీపుకి అది సరిపోవచ్చు. అప్పుడే కోలుకుంటున్న భుజానికి అది చాలా పెద్ద మెట్టు. తొందరపడి ఎత్తాను, నాలుగు రోజులు మళ్లీ నిద్ర లేదు.

ఈసారి నేనే గుంటూరు వెళ్లి ఆటసామాన్ల షాపులో ఒక్కొక్కటీ చేతితో పట్టుకుని చూశాను. చవగ్గా దొరికేవి ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి. ఇనుము సాంద్రత కాంక్రీటుకి దాదాపు మూడు రెట్లు, అందుకే అదే బరువుకి సిమెంటుది లావుగా ఉంటుంది. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి చేసే వ్యాయామంలో అది పొట్టకి తగులుతోంది. పిడి కూడా లావే, నా వేళ్లు చుట్టూ తిరగలేదు. గట్టిగా పిసికి పట్టుకుంటే ఆ బిగువు భుజం దాకా పాకుతుంది. చివరికి రబ్బరు పూత ఉన్న ఇనుపవి కేజీ జత, రెండు కేజీల జత తీసుకున్నాను. ఆరు పలకల తల కాబట్టి గచ్చు మీద దొర్లిపోవు. చెమట పట్టినా చెయ్యి జారదు.

ఏ బరువు తీసుకోవాలో ఫిజియో చెప్పిన లెక్క ఇది: పది పన్నెండు సార్లు ఎత్తగలగాలి, చివరి రెండూ కష్టంగా ఉండాలి, కానీ భుజం చెవి వైపు లేవకూడదు. మర్నాడు పొద్దున నొప్పి పెరిగి ఉంటే బరువు తగ్గించాలి. కేజీతోనే రెండు నెలలు చేశాను, రోజు విడిచి రోజు.

జూన్‌లో బడి తెరిచాక బోర్డు పై వరస నుంచే రాశాను. తిండి మార్చుకోవడం, సాయంత్రం నడక కూడా కలిసొచ్చి ఆ మూడు నెలల షుగర్ 7.1 శాతానికి దిగింది. వీపు వెనక్కి మాత్రం చెయ్యి ఇంకా నడుము దాకానే వెళ్తోంది. రెండు కేజీలు పన్నెండు సార్లు తేలిగ్గా అవుతున్నాయి, ఈ ఆదివారం మళ్లీ షాపుకెళ్లి మూడు కేజీల జత పట్టుకుని చూడాలి.