ఒరిగిన ఓడలో లైఫ్‌బోట్లు

ప్రయాణికుల ఓడలు మునిగిన సంఘటనల గురించి నేను చాలా కాలంగా చదువుతున్నాను. మునిగే ఓడ నిలువుగా ఉందా, పక్కకు ఒరిగిందా అన్న ఒక్క సంగతి మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడతాయో తెలిసినప్పటినుంచి ఆ కథలను మునుపటిలా చదవలేకపోతున్నాను.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను రాసుకుంటూ వెళ్లింది. అడుగుభాగాన్ని 16 గదులుగా విడగొట్టిన ఆ ఓడ ముందువైపు నాలుగు గదులు నిండినా తేలగలదు. కానీ ఆ రాత్రి అంతకంటే ఎక్కువ గదుల్లోకి నీరు చేరింది, మధ్య గోడలు పైదాకా లేనందున ముక్కు దిగినకొద్దీ నీరు ఒక గదినుంచి పక్క గదిలోకి పొర్లింది. అయినా ఓడ పక్కకు పెద్దగా వాలకుండా 2 గంటల 40 నిమిషాలు నిలిచినందువల్లనే రెండువైపులా పడవలను దించగలిగారు. ఆ 20 పడవల్లో 1,178 మందికే చోటుంది, వాటిలోనూ కొన్ని సగం ఖాళీగానే వెళ్లాయి. సుమారు 1,500 మంది చనిపోయారు. పడవలు చాలలేదన్న పాఠాన్ని లోకం అప్పుడు నేర్చుకుంది. అది సగం పాఠమేనని నా అభిప్రాయం.

1914 మే 29న కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో, పొగమంచులో, ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్‌ను స్టోర్‌స్టాడ్ అనే బొగ్గు ఓడ పక్కనుంచి గుద్దింది. అందరికీ సరిపడా పడవలు ఉన్నాయి. అయితే తెరిచి ఉన్న కిటికీలగుండా కూడా నీరు చొరబడి, ఓడ వేగంగా ఒరిగి 14 నిమిషాల్లో మునిగిపోవడంతో వాటిలో చాలావాటిని దించడానికే వీలు లేకపోయింది. 1,012 మంది మరణించారు. మరుసటి ఏడాది జూలై 24న షికాగో నదిలో ఈస్ట్‌లాండ్ ఇంకా రేవుకు కట్టి ఉండగానే పక్కకు దొర్లిపడి 844 మందిని బలిగొంది. అసలే నిలకడ లేని ఆ ఓడ పైభాగాన, టైటానిక్ తర్వాత వచ్చిన నిబంధనల కోసం అదనపు పడవలను చేర్చారు. రక్షణకని పెట్టిన బరువే నిలకడను మరింత తగ్గించిందన్నది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

కార్లను మోసే ఫెర్రీల విషయంలో ఈ ప్రమాదం ఇంకా తీవ్రం. వెడల్పాటి పళ్లెంలో కొద్దిగా నీరు పోసి పట్టుకు నడిస్తే, పళ్లెం ఏ కాస్త వంగినా నీరంతా ఆ వైపుకే పరుగెత్తి దానిని ఇంకా వంచుతుంది. కార్లను నిలిపే, అడ్డుగోడలు లేని అంతస్తు అయిన కార్ డెక్ మీదికి నీరు వచ్చినప్పుడు జరిగేదీ అదే. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గె రేవునుంచి బయలుదేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపులు మూసుకోలేదు. వాటిని మూయవలసిన ఉద్యోగి తన గదిలో నిద్రపోయాడు. తలుపులు మూశారో లేదో చూపే దీపం, కెప్టెన్ ఓడను నడిపించే చోటైన బ్రిడ్జి మీద లేదు, అటువంటిది కావాలని ఆ సంస్థ కెప్టెన్లు అంతకుముందే అడిగినా అమర్చలేదు. ఓడ వేగం పెంచగానే నీరు లోపలికి ఉరికింది, దాదాపు 90 సెకన్లలో అది పక్కకు పడిపోయింది. 193 మంది పోయారు. నిద్రపోయిన మనిషిని తప్పుపట్టడం సులభమే, కానీ ఒక్క మనిషి మెలకువ మీద వందల ప్రాణాలను ఆధారపడేలా చేసిన ఏర్పాటుదే పెద్ద దోషమని నేను నమ్ముతాను.

ఏడేళ్ల తర్వాత, 1994 సెప్టెంబరు 28న, బాల్టిక్ తుపానులో ఎస్టోనియా అనే ఫెర్రీ ముక్కు కవచం అలల దెబ్బలకు ఊడిపోయింది. కార్ డెక్ మీదికి అదే తీరున నీరు చేరి 852 మంది చనిపోయారు.

సెవోల్ అనే ఫెర్రీ 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియా తీరంలో ఒరిగింది. పరిమితికి మించిన సరుకు ఎక్కించి, ఓడను నిలకడగా ఉంచే అడుగు నీటిని తగ్గించారు. మలుపులో సరుకు జారిపోయింది. ఒరిగిన ఓడలో నడవాలు నిట్టనిలువు బావులవుతాయి కనుక తొలి నిమిషాలే విలువైనవి. ఆ నిమిషాల్లోనే, గదులు విడిచి కదలవద్దని ప్రయాణికులకు మళ్లీ మళ్లీ ప్రకటించారు. మరణించిన 304 మందిలో 250 మంది ఒకే పాఠశాల విద్యార్థులు. ఒడ్డున ఉన్నవారికి సహాయం కోరుతూ తొలి ఫోను చేసింది కూడా వారిలో ఒకరే.