ఆ 73 ఎక్కడి నుంచి వచ్చింది? టెసరాక్ట్ బిల్డ్‌తో నా అనుభవం

పాత తెలుగు అచ్చు పుస్తకాలు తిరగేసేవారికి నకార పొల్లు పరిచయమే. అచ్చు కలవని నకారానికి, అంటే ‘న్’కు, అప్పట్లో విడిగా ఒక రూపం ఉండేది. యూనికోడ్‌లో దానికి 2021లో, 14వ వెర్షన్‌లో చోటు దొరికింది. పేజీల ఫొటోల నుంచి అక్షరాలను చదివే టెసరాక్ట్‌కు ఉన్న తెలుగు నమూనా అంతకు ముందే తయారైంది కాబట్టి, దానికి ఈ అక్షరం తెలిసే అవకాశమే లేదు. మనమే నేర్పుకోవాలి. నేను వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04 తనంతట తాను ఇచ్చేది టెసరాక్ట్ 4.1.1. నాకు 5వ వెర్షన్, దాని శిక్షణ పనిముట్లు కావాలి. అందుకని సోర్స్ కోడ్ తెచ్చుకుని బిల్డ్, అంటే ఆ కోడ్ నుంచి ప్రోగ్రాంను తయారుచేసే పని, మొదలుపెట్టాను.

అసలు ప్రోగ్రాం ఏ పేచీ లేకుండా తయారైంది. శిక్షణ పనిముట్ల దగ్గర మాత్రం, ముక్కలను లైబ్రరీలతో కలిపి ప్రోగ్రాంగా కూర్చే లింకర్ మొరాయించింది. తెర నిండా ‘అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్’ వరుసలు, అంటే అడిగిన పేరు ఎక్కడా దొరకలేదని. ప్రతి వరుసలోనూ ఐసీయూ లైబ్రరీకి చెందిన ఏదో ఒక ఫంక్షన్ పేరు. యూనికోడ్ అక్షరాల బాగోగులు చూసే లైబ్రరీ అది. టెసరాక్ట్ ప్రధాన భాగానికి దానితో పని లేదు, శిక్షణ పనిముట్లకే కావాలి. సగం బిల్డ్ నెగ్గి సగం ఎందుకు ఆగిందో అక్కడే తేలింది.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: ఐసీయూ డెవలప్‌మెంట్ ప్యాకేజీని తీసేసి మళ్లీ వేయండి. వేశాను. వరుసలు అలాగే ఉన్నాయి. అప్పుడు కాస్త నెమ్మదించి పేర్లను చదివితే ఒక విషయం కనిపించింది. ప్రతి పేరుకూ 73 అనే అంకె అతుక్కుని ఉంది. ఉబుంటు 22.04లో ఉండేది ఐసీయూ 70. అంటే లైబ్రరీ లేకపోవడం కాదు, ఉన్న లైబ్రరీని దానిలో లేని పేర్లతో బిల్డ్ అడుగుతోంది.

ఐసీయూ తన ఫంక్షన్ల పేర్లలో వెర్షన్ అంకెను కలుపుతుంది. రెండు వెర్షన్లు ఒకే ప్రోగ్రాంలోకి వచ్చినా ఒకదాని పేరు మరొకదానితో కలవకూడదని ఆ ఏర్పాటు. దీన్ని విసుక్కునేవారిని చూశాను కానీ, నా దృష్టిలో ఇది పెద్ద ఉపకారం. ఈ అంకె లేని లైబ్రరీలలో ఇదే తేడా లింకర్ కంటపడకుండా జారిపోయి, ప్రోగ్రాం నడుస్తుండగా ఎక్కడో కూలుతుంది. అప్పుడు కారణం పట్టుకోవడం నరకం.

ఆ 73 లింకర్ సొంతంగా పుట్టించేది కాదు. కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్, లైబ్రరీ ఫంక్షన్ల పేర్లు రాసి ఉండే హెడర్ ఫైలు చదివినప్పుడే, అది కంపైలర్ తయారుచేసే ఆబ్జెక్ట్ ఫైళ్లలోకి చేరుతుంది. లింకర్ ఆ తర్వాత వాటిని కలుపుతుంది. కొలతలు తీసుకున్నది ఒక దర్జీ, గుడ్డ కత్తిరించినది మరో దర్జీ అన్నమాట. తప్పు జరిగిందని సందేశం ఇచ్చినవాడు లింకర్ కాబట్టి అందరం లైబ్రరీల ఫోల్డర్‌నే తవ్వుతాం. వెతకాల్సింది హెడర్ల దారిని.

నా కంపైలర్ జీ ప్లస్ ప్లస్‌కు పెద్ద హెచ్ (-H) ఆప్షన్ ఇస్తే తాను చదివిన ప్రతి హెడర్ ఎక్కడ ఉందో పూర్తి చిరునామాతో చెబుతుంది. ఇచ్చాను. ఐసీయూ హెడర్లు సిస్టమ్ ఫోల్డర్ నుంచి కాకుండా, నా హోమ్ ఫోల్డర్‌లో ఉన్న తన సొంత లైబ్రరీలతో వచ్చే ఒక పైథాన్ పంపిణీ నుంచి వస్తున్నాయి. ప్రోగ్రాములన్నీ చూసే సెట్టింగులైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ జాబితా తీస్తే సీపాత్ అనే దానిలో ఆ ఫోల్డర్ పేరు దర్జాగా కూర్చుంది. ఎప్పుడో వేరే పని కోసం పెట్టుకున్న ఒక ఇన్‌స్టాలర్ టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే నా బాష్ ఆర్‌సీ ఫైలులో ఆ వరుస చేర్చి వెళ్లింది. సీపాత్‌లో ఉన్న ఫోల్డర్లను కంపైలర్ సిస్టమ్ ఫోల్డర్ల కంటే ముందు చూస్తుంది. లింకర్‌కు ఆ సంగతి తెలియదు, అది చూసే దారి వేరు. అందుకే హెడర్ 73, లైబ్రరీ 70.

ఇక్కడ ఇద్దరు మిత్రులు రెండు అడ్డదారులు చెప్పారు. ఒకటి, 70 లైబ్రరీకి 73 పేరుతో సిమ్‌లింక్, అంటే మారుపేరు, పెట్టడం. ఫైలు పేరు మారుతుందేమో కానీ లోపలి ఫంక్షన్ల పేర్లు మారవు, ఫలితం సున్నా. రెండోది, సిస్టమ్‌లోని ఐసీయూ 70ని తీసేయడం. దాని మీద ఆధారపడిన ప్యాకేజీల జాబితా ఒక్కసారి చూస్తే ఎవరూ ఆ పని చేయరు. సగం డెస్క్‌టాప్ దానితోపాటే పోతుంది.

అయినా 73 నాకు అవసరమా అన్నదీ చూసుకున్నాను. ఐసీయూ 70 యూనికోడ్ 14కు సరిపడా తయారైంది. నకార పొల్లు అందులో ఉంది. ఇంకేం కావాలి?

సీపాత్‌ను ఖాళీ చేసి బిల్డ్ నడిపే మేక్ కమాండ్ మళ్లీ ఇస్తే అవే వరుసలు! పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు 73తోనే మిగిలి ఉన్నాయి, ఆ హెడర్లు మారలేదు కాబట్టి మేక్ వాటిని ముట్టుకోలేదు. చాలామంది ఇక్కడికి వచ్చి, మందు పనిచేయలేదనుకుని వెనుదిరుగుతారు. మేక్ డిస్ట్‌క్లీన్‌తో అంతా తుడిచి, కొత్త టెర్మినల్‌లో పైథాన్ పంపిణీని ఆపేసి, బిల్డ్‌లో మొదటి మెట్టు అయిన కాన్ఫిగర్ నుంచి మొదలుపెడితే శిక్షణ పనిముట్లు నోరెత్తకుండా తయారయ్యాయి.

ఇన్‌స్టాల్ చేశాక టెసరాక్ట్ లైబ్రరీ కనబడలేదని ఒక సందేశం వచ్చింది. అది మామూలే. యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో కొత్తగా చేరిన లైబ్రరీ సంగతి, ప్రోగ్రాం నడిచేటప్పుడు లైబ్రరీలను తెచ్చే లోడర్ జాబితాకు ఎక్కాలంటే సుడోతో (అడ్మిన్ అధికారంతో) ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి.

బాష్ ఆర్‌సీలోని ఆ వరుసను తీసేశాను. దాన్ని చేర్చిన ప్రోగ్రాం అది లేకుండానే హాయిగా నడుస్తోంది. ఇప్పుడు శిక్షణ కోసం వాక్యాలను చిత్రాలుగా మార్చే టెక్స్ట్‌టుఇమేజ్ కూడా పనిచేస్తోంది. నకార పొల్లు ఉన్న ఫాంటు కోసం ఇంకా వెతుకుతున్నాను.