సీసం గుళ్ళు, మొక్కజొన్న పొత్తులు

మంచె దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని ఇది రాస్తున్నాను. గడియారం సోమవారం అంటోంది. నాకింకా ఆదివారమే, నిద్ర పోలేదు కదా.

పొద్దున్న ఏడున్నరకి పెరట్లో జామచెట్టు కింద సీసం కరిగిస్తూ కూర్చున్నాను. మొన్న మహేంద్రతనయ నదికి కొత్తనీరు వచ్చినప్పుడు విసురు వల రాళ్ళకి పట్టేసింది. లాగితే ఒక పక్క అంచు మొత్తం గుళ్ళతో సహా ఊడొచ్చింది. పర్లాకిమిడి బజార్లో గుళ్ళు దొరక్క కాదు. మా నాన్న చేయించిన ఇనుప అచ్చు ఇంట్లో ఉండగా కొనడానికి చెయ్యి రాదు. మా ఆవిడకి మాత్రం ఈ పనంటే ఒళ్ళు మంట. పొగ వంటింటి వైపు రాకూడదు, ఆ మూకుడు గడప దాటి లోపలికి రాకూడదు, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటేనే టీ. ఒక్క షరతు కూడా తప్పుపట్టడానికి లేదు.

సరిగ్గా అప్పుడే మేనల్లుడి వీడియో కాల్. వాడుండేది టెక్సాస్‌లో. వాళ్ళకి శనివారం రాత్రి తొమ్మిది.

"ఏం చేస్తున్నావు మావయ్యా?"

ఫోన్ మూకుడు వైపు తిప్పాను. వాడు నోరు తెరుచుకుని చూశాడు. "ఉండుండు" అంటూ వాళ్ళ గ్యారేజీలోకి పరిగెత్తాడు. అక్కడ ఒక కరెంటు కుండ, అందులో కరిగిన సీసం. పక్కన అచ్చు. మాదానిలాగే పట్టకారు వాటం, రెండు చెక్క పిడులు. మాది వల గుళ్ళు పోస్తుంది, వాడిది రివాల్వర్ తూటాలు పోస్తుంది. అంతే తేడా.

"పందుల కోసం" అన్నాడు.

పౌరసత్వం వచ్చిన ఏడాదే రివాల్వర్ కొన్నాడట. అక్కకి తెలియదు. అక్క ఇవన్నీ చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అక్కడి పందులు ఆ అడవుల్లో పుట్టినవి కావు. 1500ల్లో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చుకున్న పెంపుడు పందుల సంతానం, తర్వాత ఎవరో వేట కోసం వదిలిన యూరప్ పందులు, అన్నీ కలిసిపోయి లక్షల్లో పెరిగాయి. 2019 నుంచి టెక్సాస్‌లో భూమి యజమాని ఒప్పుకుంటే వాటి వేటకి లైసెన్స్ కూడా అక్కర్లేదు. వీడు వెళ్ళేది ఒక స్నేహితుడి పశువుల క్షేత్రానికి. ఎలా వేటాడతారురా అంటే, డబ్బా నుంచి టైముకి మొక్కజొన్న గింజలు చల్లే మిషన్ పెడతారట, పందులు దానికి అలవాటుపడి వస్తాయట. నాకు నవ్వాగలేదు. ఇక్కడ నేను నాలుగెకరాల మొక్కజొన్న దగ్గరికి పంది రాకుండా రాత్రంతా డబ్బా వాయిస్తుంటే, అక్కడ మొక్కజొన్న పోసి మరీ పిలుస్తున్నారు!

తర్వాత ముప్పావుగంట వాడు చెప్పిందంతా తూటా ఎంపిక గురించే. నేను జన్మలో పిస్తోలు ముట్టుకున్నవాణ్ణి కాను. కానీ కథ సీసం గురించి కాబట్టి పొయ్యి తగ్గించి విన్నాను.

మొదట వాడి దగ్గర 357 మాగ్నమ్ ఉండేది. 1935లో వచ్చిన తూటా అది, వీడు వాడింది 158 గ్రెయిన్ల బరువు (తూటాలని గ్రెయిన్లలో తూస్తారట). చిన్న పందికి చాలు, పెద్ద మగపంది ఎదురొస్తే నా ధైర్యం చాలదు అనుకుని 44 మాగ్నమ్‌కి మారాడు. అది 1955 నాటిది. దాని వెనక ఎల్మర్ కీత్ అని ఐడహోలో పశువులు మేపుకునే ఒక మొండి మనిషి ఉన్నాడు. పాత 44 స్పెషల్ తూటాలో మందు దట్టించి దట్టించి, కంపెనీల వెంటపడి చివరికి ఆ కొత్త తూటా చేయించాడు. తూటా ముక్కు కోసుగా కాక బల్లపరుపుగా, భుజం దగ్గర పదునైన అంచుతో ఉండాలని గీసిచ్చింది కూడా ఆయనే. మేనల్లుడి అచ్చు ఆ జాతిదే. పేరుకి 44, అంటే 0.44 అంగుళం లావు, గానీ కొలిస్తే 0.429 అంగుళమట. మా ఊరి పది గంటల బస్సు పదీ నలభైకి వచ్చినట్టు.

అంగడిలో దొరికే ముక్కు గుంట తూటా ఎందుకు వద్దురా అన్నాను. అది తగలగానే పువ్వులా విచ్చుకుంటుందట. మనిషికో జింకకో సరే. ముసలి మగపందికి భుజాల మీద చర్మం కింద డాలు ఉంటుంది. మృదులాస్థిలాంటి గట్టి పొర, వయసుతో మందమవుతుంది, దెబ్బలాటల్లో కోరల నుంచి కాపాడేది అదే. తేలిక తూటా ఆ పొరలోనే విచ్చుకుని శక్తి అయిపోగొట్టుకుంటే, పంది గాయంతో పరిగెత్తి ఏ పొదలోనో మూడు రోజులకి చస్తుంది. అందుకని బరువైన, గట్టి సీసం తూటా, ముక్కు వెడల్పుగా. అది విచ్చుకోదు, తిన్నగా దూసుకుపోయి అవతల నుంచి బయటికొస్తుంది. రెండు కన్నాలుంటే నెత్తురు జాడ దొరుకుతుంది. వాడు ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. కిందటేడు ఒకటి దొరకలేదట.

వేగం విషయంలో వాడు తన పొరపాటు ఒప్పుకున్నాడు. మొదట్లో మందు కొలతల పుస్తకంలో ఉన్న పై గీత దాకా మందు వేసేవాడు. నాలుగో గుండు పేల్చేసరికి చెయ్యి అదరడం కాదు, పేలకముందే కళ్ళు మూసుకుపోవడం మొదలైంది. ఇప్పుడు 250 గ్రెయిన్ల తూటాని సెకనుకి 1,000 అడుగుల దగ్గర ఆపాడు. 25 గజాల్లో కాగితం పళ్ళెంలో ఆరుకి ఆరూ పడితేనే పందుల దగ్గరికి వెళతాడు, అంతకంటే దూరంలో పంది ఉంటే రివాల్వర్ ఒరలోనే ఉంటుంది. ఇదొక్కటి నాకు నచ్చింది.

ఇంక సీసం. స్వచ్ఛమైన సీసం మెత్తన, వేగంగా వెళితే గొట్టం లోపలంతా పూతలా అంటుకుంటుంది. దాంట్లో కాస్త యాంటిమొనీ, కాస్త తగరం కలిస్తే గట్టిపడుతుంది. పాత రోజుల్లో కారు చక్రం రిమ్ముకి కొట్టే సీసం ముక్కలు దీనికి సరిగ్గా సరిపోయేవట. ఇప్పుడు వాటిలో జింకు ముక్కలు కలిసిపోతున్నాయి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకుకి 419 కావాలి. కాబట్టి మంట అదుపులో ఉంచితే జింకు పైన తేలుతుంది, గరిటెతో తీసి పారేయొచ్చు. వేడి ఎక్కువైతే అదీ కరిగి మొత్తం కుండ పాడు. అచ్చు అక్షరాలు పోసే లైనోటైప్ లోహం ఇంకా గట్టిదే గానీ ఎముక తగిలితే పగిలే స్వభావం. అన్నిటికంటే గట్టిదనం మీద మోజు తగ్గించుకోవాలి, కొలత మీద పెంచుకోవాలి అన్నాడు. తూటా గొట్టం కన్నా వెంట్రుకవాసి లావుండాలి. సన్నగా ఉంటే వేడి గాలి పక్కల నుంచి దూరి సీసాన్ని కోసుకుపోతుంది. చూడండి, తుపాకీ ఆడించేవాడికి కూడా చివరికి కంసాలి బుద్ధే కావాలి.

ఇంతా చెప్పి, "కానీ మావయ్యా, సగం తూటాలు ముడతలు పడుతున్నాయి" అని ఒకటి కెమెరా దగ్గర పెట్టాడు. నిజమే, ముసలమ్మ బుగ్గలా ఉంది.

ఈ ప్రశ్న నాకు తెలుసు.

"అచ్చు చల్లగా ఉందిరా."

"కుండ వేడి సరిగ్గానే చూపిస్తోంది."

"కుండ కాదు, అచ్చు. కొత్త అచ్చు కదా, నూనె కడిగావా?"

కడగలేదు. తుప్పు పట్టకుండా కంపెనీవాడు రాసిన నూనె అలాగే ఉంది. సబ్బునీళ్ళతో రుద్ది, చెమ్మ లేకుండా బాగా ఆరబెట్టి, ఆ తర్వాత అచ్చు మూలని కుండ అంచున ఆనించి వేడెక్కనివ్వమన్నాను. మొదటి పది పదిహేను ఎలాగూ పాడే, మళ్ళీ కుండలో వేసెయ్యి. ముడత పడితే అచ్చు చల్లన, తెల్లగా మసకేస్తే అచ్చు మరీ వేడి. ఆ రెండిటి మధ్య ఉన్నప్పుడు గుండు అద్దంలా వస్తుంది. చెమ్మ మాత్రం తగలనివ్వకు. ఒక్క నీటి బొట్టు కరిగిన సీసం అడుక్కి పోతే కుండ మొహం మీద పేలుతుంది. మా నాన్న మోచేతి మీద జొన్నగింజంత మచ్చలు ఎన్నో ఉండేవి, అన్నీ అలా వచ్చినవే.

వాడు రాసుకున్నాడు. మేనమామ మాట రాసుకునే మేనల్లుడు ఈ కాలంలో!

ఫోన్ పెట్టేశాక 250 గ్రెయిన్లంటే ఎంతో తెలుసుకోవాలనిపించింది. లెక్కేస్తే 16 గ్రాములు దాటింది. ఉదయం పోసిన గుండొకటి చిన్న కాటాలో వేశాను, 17 గ్రాములు. అంటే వాడు పందికి ఒక్కటే చాలాలని వెతుకుతున్న బరువు నా వల అంచున నూట ఎనభై వేలాడుతోంది. గ్రెయిన్ అంటే గింజేగా. వాళ్ళు బార్లీ గింజతో తూచారు, మనవాళ్ళు గురివిందతో. గురివిందల్లో చెప్పాలంటే ఆ తూటా నూటముప్పై పైచిలుకు గింజల ఎత్తు. గురివిందలో కూడా గురి ఉంది చూశారా. సరే, ఇది నిద్రలేని బుర్రకి తట్టే సంగతి.

మధ్యాహ్నం చెప్పుకోదగ్గదేం జరగలేదు. చద్దన్నం, ఎండుచేప, నిద్ర.

రాత్రి తొమ్మిదికి కొండ కింది చేనుకి వెళ్ళాను. పొత్తులు పాలు పోసుకున్నాయి, ఈ పది రోజులే ప్రమాదం. గట్టు పొడవునా పాత చీరలు కట్టాం. మంగలి షాపు నుంచి బస్తాడు జుట్టు తెచ్చి చల్లాం, వాన పడ్డాక దాని పని అయిపోయింది. కుక్క అరుపులు రికార్డు చేసిన మైకు ఒకటి కొన్నాను, సరిగ్గా నిన్ననే బ్యాటరీ పోయింది. మంచె మీద నాకు తోడు ఒక సవర తాత. వాళ్ళ చేను నా చేనుకి పైన, పంది ముందు ఆయన దగ్గర భోంచేసి తర్వాత నా దగ్గరికి వస్తుంది.

ఆయనకి మేనల్లుడి సంగతి చెప్పాను. డాలు మాట వినగానే తల ఊపాడు. "ముసలి పందికి భుజం మీద బాణం దిగదు బాబూ. మా అయ్య పక్కనుంచి, ముందుకాలు వెనక కిందకి కొట్టమనేవాడు." పొద్దున్న మేనల్లుడు ఇంచుమించు ఇదే చెప్పాడు. జింకకి కొట్టినట్టు వెనక్కి జరిగి కొడితే పందికి పేగుల్లో తగులుతుందట, దాని గుండె మనం అనుకునేకంటే ముందుకీ కిందకీ ఉంటుందట. టెక్సాస్‌కీ ఈ కొండకీ మధ్య ఉత్తరాలు నడిచినట్టుంది.

ఇప్పుడు బాణమూ లేదు, తుపాకీ లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పందిని ముట్టుకోకూడదు. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్లో ఉంది. అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప చంపడం నేరం. ఆయుధాల చట్టంలో పంట కాపలాకి లైసెన్స్ ఇవ్వొచ్చన్నది కూడా నోటి నుంచి మందు కూరే తుపాకీలాంటి వాటికే, రివాల్వర్‌కి కాదు. నేను ఒకసారి ఒక ఆఫీసులో అర్జీ పెట్టాను. మూడు సంతకాల తర్వాత నాలుగో సంతకం చేసే ఆయన బదిలీ అయ్యారు, ఆ కాగితం ఏ బీరువాలో ఉందో. చాటుగా చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు. పొలం చుట్టూ కరెంటు తీగ లాగడం, పిండిలో నాటుబాంబు చుట్టి పెట్టడం. ఆ తీగకి పందే తగలాలని లేదు, ఏనుగు తగులుతుంది, తెల్లారి చెంబు పట్టుకుని వెళ్ళిన మనిషీ తగులుతాడు. ఇది చేసేవాడికి కోపం ఉంది గానీ గురి లేదు. 25 గజాలు దాటితే పేల్చనన్న మావాడు గుర్తొచ్చాడు.

ఒంటిగంట దాటాక వచ్చాయి. ముందు వాసన, తర్వాత కంకి కాండం వంగి పుటుక్కుమనడం, ఆ తర్వాత నమలడం. వాటికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. గాలి మావైపే వీస్తోంది కాబట్టి మేం వాటికి తెలియలేదు. తాత డబ్బా అందుకోబోతుంటే ఎందుకో చెయ్యి పట్టుకుని ఆపి టార్చి వేశాను.

పది గజాల్లో మగపంది. వీపు మీద జూలు నిక్కబొడుచుకుని ఉంది, మూతి పక్కన పాలు కారుతున్న గింజలు. భుజం మీద చర్మం బురద ఎండి పలకలా ఉంది. నా కళ్ళు వాటంతటవే ముందుకాలి వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి జానెడు పైకి, మళ్ళీ కిందకి దిగాయి. అది కొంచెం ఏటవాలుగా, నావైపుకి నిలబడి ఉంది. ఇలా నిలబడితే వాడు పేల్చడేమో అనుకున్నాను. దాని వెనక కాండాల మధ్య ఒళ్ళంతా చారలున్న పిల్లలు నాలుగో ఐదో. నా చేతిలో నాలుగు సెల్లుల టార్చి.

తాత డబ్బా మోగించాడు. చేనంతా ఒక్కసారి కదిలినట్టయింది.

దిగి లెక్కపెడితే ముప్పై ఎనిమిది కాండాలు పడ్డాయి. గేదెకి మేత. ఇంటికొచ్చి ఫోన్ చూస్తే మేనల్లుడు ఫోటో పంపాడు. తువ్వాలు మీద వరసగా ఇరవై తూటాలు, అన్నీ నున్నగా మెరుస్తున్నాయి. కింద ఒకే ముక్క: "నూనే మావయ్యా."