తోక వెంట్రుక నుంచి రిపోర్టు దాకా: పాడి ఆవుల జన్యు పరీక్ష, నా అనుభవం

ఆనందపురం దగ్గర మా శాలలో ఉన్న జెర్సీ సంకర ఆవులకూ పెయ్యలకూ జన్యు పరీక్ష చేయించాను. ల్యాబులో జరిగే తప్పులు తక్కువే. పని చెడేది ఎక్కువగా నమూనా తీసే రోజునే, అదీ మన చేతుల్లోనే.

ముందు చెవిపోగు చూడాలి. పన్నెండు అంకెల నంబరును ఒకరు చదివితే ఇంకొకరు రాసి, తిరిగి చదివి వినిపించాలి. పేడ పట్టిన పాత పోగు మీద 3, 8 ఒకేలా కనిపిస్తాయి. ఒక్క అంకె తప్పినా రిపోర్టు పక్క ఆవుకు పోతుంది.

వెంట్రుకలు తోక కుచ్చు నుంచి తీయాలి. కుచ్చు కడిగి పూర్తిగా ఆరనిచ్చాక, చర్మానికి దగ్గరగా పది చొప్పున పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. కత్తిరిస్తే పనికిరాదు, పరీక్షకు కావలసిన కణాలు కుదురులోనే ఉంటాయి. వెలుతురులో చూస్తే కొసన తెల్లటి బుడిపె కనబడాలి. అలాంటివి ముప్పై నలభై ఉంటే చాలు. కాగితం కవరులోనే పెట్టాలి. మన విశాఖ ఉక్కపోతలో పాలిథిన్‌లో వేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఆవు మారినప్పుడల్లా చేతులు కడగడం విసుగే, కానీ తప్పదు.

రక్తం అడిగితే పశువైద్యుడు మెడ సిర నుంచి నాలుగైదు మిల్లీలీటర్లు తీస్తారు. ట్యూబు ఊదా మూతది, అంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్నది కావాలి. ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్ కూడా గడ్డకట్టకుండా ఆపేదే, కానీ అది ల్యాబులో డీఎన్‌ఏను లెక్కలేనన్ని ప్రతులుగా పెంచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేయాలి, కుదపకూడదు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. పంపేటప్పుడు ఐసు నేరుగా తగలకుండా మధ్యలో కాగితం చుట్టాలి.

ఒక చిక్కు చాలామందికి తెలియదు. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యకు రక్తం పంపకండి. గర్భంలో మాయల రక్తనాళాలు కలిసిపోవడం వల్ల దాని రక్తంలో తోడబుట్టినవాడి కణాలు కూడా ఉంటాయి, ఫలితం కలగాపులగమవుతుంది. దానికి వెంట్రుకలే మేలు. అసలు అలాంటి పెయ్యల్లో ఎక్కువ శాతం గొడ్డువే, పరీక్ష ఖర్చు పెట్టేముందు అది ఆలోచించుకోవాలి.

రిపోర్టు వచ్చాక మొదట చూడాల్సింది పాల గురించి కాదు, తండ్రి గురించి. మా పుస్తకంలో రాసుకున్న ఆంబోతు రెండు పెయ్యలకు తండ్రి కాదని తేలింది. ఒకే ఎదలో రెండుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించి రెండో స్ట్రా, అంటే ఆంబోతు వీర్యం నింపిన సన్నని గొట్టం, నంబరు రాసుకోలేదు, తప్పు మాదే. తండ్రిని సరిచూడాలంటే ఆ ఆంబోతు డీఎన్‌ఏ కూడా ఉండాలి. మేం మిగిలిన స్ట్రా ఒకటి పంపాం. వీర్యకణంలో డీఎన్‌ఏ గట్టిగా చుట్టుకుని ఉంటుంది, మామూలు పద్ధతిలో సరిగా విడిపోదు. కనుక అది వీర్యమని ల్యాబుకు ముందే చెప్పాలి.

తర్వాత చూడాల్సింది ఏ2. పాలలోని బీటా కేసీన్ ప్రొటీన్‌లో 67వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటే ఏ1, ప్రోలిన్ అనేది ఉంటే ఏ2. ప్రతి ఆవుకూ ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది, అందుకే రెండేసి పేర్లు కలిపి రాస్తారు. ఏ1ఏ2 ఆవుకు ఏ2ఏ2 ఆంబోతు స్ట్రా వేయిస్తే పుట్టేవాటిలో సగటున సగం ఏ2ఏ2. ఏ1ఏ1 ఆవుకైతే అన్నీ ఏ1ఏ2 పుడతాయి, ఇంకో తరం ఆగాలి. ఒంగోలు ఆవుల్లో ఏ2 ఎటూ ఎక్కువే. ఏ2 ఒక్కటే చూసి, కూతుళ్ల పాల దిగుబడి చూడకుండా స్ట్రా ఎంచుకోవడం నా దృష్టిలో నష్టమే.

వెన్న శాతానికి డీజీఏటీ1 అనే జన్యువు పరీక్ష చేస్తామని కూడా అంటారు. మన దేశవాళీ ఆవుల్లో, గేదెల్లో ఆ జన్యువు దాదాపు అన్నిటికీ ఒకే రూపంలో ఉంటుంది. తేడాయే లేనిచోట ఎంపిక ఎలా చేస్తాం? సంకర ఆవుల్లో కొంత ఉపయోగం ఉండొచ్చు.

ఒక్క జన్యువు కాక, డీఎన్‌ఏలో ఆవుకూ ఆవుకూ తేడా ఉండే వేల గుర్తులను (మార్కర్లను) ఒకేసారి చదివే చిప్ సంగతి వేరు. 2024 అక్టోబరులో మన పశువుల కోసం గౌ చిప్ విడుదలైంది. చిప్ ఇచ్చే అంచనా బలం, పాల లెక్కలున్న అదే రకం ఆవులు ఎన్నింటిని ముందే పోల్చి చూశారన్నదాని మీదే ఉంటుంది. విదేశీ హోల్‌స్టీన్‌ల లెక్కతో మా జెర్సీ సంకరానికి వచ్చిన అంకెను నేను నమ్మను. అందుకే ఒకే శాలలోని పెయ్యల మధ్య వరుస కట్టడానికే దాన్ని వాడాను. పై వరుసవాటికి ఎక్కువగా ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం స్ట్రా, అడుగువాటికి మామూలు స్ట్రా.

ప్రతి పెయ్యకూ రెండో కవరు వెంట్రుకలు తీసి, తేదీ, పోగు నంబరు రాసి పొడి డబ్బాలో దాచాను. కొత్త పరీక్ష వస్తే మళ్లీ తోక గుంజే పనుండదు.