చాదర్‌ఘాట్ వంతెన మీది ఇంటిపేరు

మలక్‌పేట నుంచి కోఠీకి వెళ్లే బస్సు మూసీని దాటే చాదర్‌ఘాట్ వంతెనకు పాత రాతల్లో ఆలిఫెంట్ వంతెన అన్న పేరు కనిపిస్తుంది. అది ఎలిఫెంట్‌కు పడిన అచ్చుతప్పనీ, నిజాముగారి ఏనుగులు ఆ దారిన నది దాటేవి కాబోలనీ నేను చాలాకాలం అనుకున్నాను. 1831లో వంతెన కట్టించిన మద్రాసు సైన్యపు ఇంజనీరు జేమ్స్ ఆలిఫెంట్ ఇంటిపేరు అదని తరువాత తెలిసింది. విచిత్రమేమంటే, నేను పడిన పొరపాటే ఆ ఇంటిపేరు పుట్టుకలోనూ ఉంది.

దాని తొలి రూపం ఒలిఫార్డ్. పన్నెండో శతాబ్దంలో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ ప్రాంతంలో ఉన్న, ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్ల కుటుంబమది. 1141లో వించెస్టర్ దగ్గర ఓడి పారిపోతున్న స్కాట్లండు రాజు మొదటి డేవిడ్‌ను, ఎదుటి పక్షాన పోరాడుతున్న డేవిడ్ ఒలిఫార్డ్ దాచి తప్పించాడు. ఇతడు ఆ రాజుకే జ్ఞానపుత్రుడు, అంటే బాప్తిస్మంలో రాజు పెద్దగా నిలిచిన బిడ్డ, అందుకే పేరు కూడా ఆయనదే. ఆ మేలుకు ప్రతిగా స్కాట్లండులో భూములు దక్కడంతో వంశం అక్కడ వేళ్లూనుకుంది. పాత ఫ్రెంచిలో ఏనుగుకూ, దంతంతో చేసిన కొమ్ముబూరకూ ఒలిఫాంట్ అనే పేరు ఉండేది. అర్థం తెలియని ఒలిఫార్డ్ కంటే అర్థమున్న ఆ మాటే చెవికి ఇంపుగా తోచి ఉంటుంది, క్రమంగా చివరి అక్షరాలు మారిపోయాయి. 1304లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ముట్టడికి ఎదురొడ్డి స్టిర్లింగ్ కోటను కాచిన సర్ విలియంను చరిత్ర ఆలిఫెంట్‌గానే ఎరుగును. ఇంగ్లండు ఉత్తరాన కనిపించే ఒలివాంట్ అనే అరుదైన ఇంటిపేరు కూడా ఈ మాటకు మరో రూపమే.

మనకూ ఏనుగువారున్నారు. భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి ఇంటిపేరు మొదట పైడిపాటి అట. ఆయన ముత్తాత పెద్దాపురం ప్రభువుల వద్ద బహుమానంగా పొందిన ఏనుగును ఇంటి ముందు కట్టేయడంతో, చూసినవారంతా ఆ ఇంటిని ఏనుగువారిల్లు అన్నారని చెబుతారు. ఆలిఫెంటుల వాకిట్లో అటువంటి జంతువేదీ కట్టినట్టు లేదు.

1908 వరదలో ఆ వంతెన కూడా దెబ్బతిన్నది. నేడు బస్సు కండక్టరు చాదర్‌ఘాట్ అని తప్ప మరో పేరు పిలవడు.