కిటాలే పిల్లల హోమ్‌లో మా రోజులు

నేనూ మావారూ కెన్యాలోని ఒక పిల్లల హోమ్‌లో వాలంటీర్లుగా ఉంటున్నాము. ఒంగోలులోని మా సంఘస్థులు ఫోన్ చేసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ మీరిద్దరూ రోజంతా ఏం చేస్తూ ఉంటారు? సువార్త కూటాలు, బాప్తిస్మాలు, వందలమంది ముందు సాక్ష్యాలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మా రోజులో ఎక్కువ భాగం నీళ్లు, కట్టెలు, సబ్బులు, మందుల రిజిస్టరు, స్కూలు ఖర్చుల లెక్కలతోనే గడిచిపోతుంది. ఇలాంటి పరిచర్యకు రావాలని ప్రార్థిస్తున్న యువతీయువకులు మన సంఘాల్లో ఉన్నారు కాబట్టి, ఆ పనుల గురించే ఈసారి వివరంగా రాస్తున్నాను.

కిటాలే పశ్చిమ కెన్యాలో, ట్రాన్స్ న్జోయా కౌంటీకి కేంద్రమైన ఊరు. భూమధ్యరేఖకు ఉత్తరంగా ఒక్క డిగ్రీ దూరంలోనే ఉన్నా, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉండడం వల్ల ఇక్కడ రాత్రిళ్లు స్వెటరు లేకుండా ఉండలేము. పడమటి దిక్కున ఎల్గాన్ పర్వతం కనిపిస్తుంది, చుట్టూ ఎటు చూసినా మొక్కజొన్న చేలే. హోమ్‌లోని పిల్లల్లో కొందరివి ఈ ప్రాంతపు బుకుసు, సబావోత్ తెగల కుటుంబాలు, మరికొందరివి ఉత్తరాన ఉన్న కరవుసీమ టర్కానా నుంచి పశువులు చనిపోయి వలస వచ్చిన కుటుంబాలు. ఇళ్లలో మాట్లాడే భాషలు వేరువేరు కాబట్టి వాళ్లందరినీ కలిపేది స్వాహిలి. అది రాకుండా ఇక్కడ ఎవరికీ ఉపయోగపడలేమని మాకు మొదటి వారంలోనే అర్థమైంది.

రావడానికి కావలసిన కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జీతం లేని సేవ అయినా పర్యాటక అనుమతి మీద చేయడానికి వీలులేదు, మతపరమైన, ధార్మిక సేవలకు ఇచ్చే క్లాస్ ఐ పర్మిట్ తీసుకోవాలి. పోలీసు ధ్రువపత్రం ఉండాలి. కెన్యా నుంచి భారతదేశానికి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న ధ్రువపత్రం చూపించాలి కనుక, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఆ టీకా పూర్తి చేసుకోవాలి. నేను మన దగ్గర స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్నే అయినా, ఈ దేశపు నర్సింగ్ కౌన్సిల్ లైసెన్సు లేదు కాబట్టి ఇక్కడ వైద్యం చేయను. ప్రథమ చికిత్స, రిజిస్టర్లు, ఆసుపత్రికి తీసుకెళ్లడం వరకే నా పని. ఈ హద్దు న్యాయమైనదే. మన ఊళ్లో ఎవరైనా విదేశీయులు వచ్చి లైసెన్సు లేకుండా పిల్లలకు సూదులు వేస్తే మనం ఊరుకుంటామా?

తెల్లవారుజామున ఐదు గంటలకే వంటశాలలో పొయ్యి వెలుగుతుంది. పిల్లలు మామా అని పిలుచుకునే గృహమాతలు మొక్కజొన్న పిండి, చోళ్ల పిండి కలిపి పెద్ద డేగిసాలో ఉజి కాస్తారు. అంబలికంటే చిక్కగా, కాస్త చక్కెర వేసి కాచే ఈ జావ తాగి పిల్లలు చీకటి విడకముందే బడికి బయలుదేరుతారు. చిన్నవాళ్ల గుండీలు పెద్దవాళ్లు పెడతారు, ఎవరి బూట్లు వాళ్లే తుడుచుకుంటారు. నేను గుమ్మం దగ్గర నిలబడి స్వెటర్లు, చేతిరుమాళ్లు, పెన్సిళ్లు చూస్తాను. ఆ సమయంలో ప్రతి బిడ్డ ముఖాన్నీ ఒకసారి పరిశీలనగా చూడడం అలవాటు చేసుకున్నాను. జ్వరం వచ్చేముందు కళ్లు చెబుతాయి, దిగులు కూడా కళ్లే చెబుతాయి.

పిల్లలు వెళ్లాక మావారు నీళ్ల పనిలోకి దిగుతారు. వానలు బాగా పడే ప్రాంతమే కాబట్టి రేకుల కప్పుల చూరుకు గొట్టాలు కట్టి ట్యాంకుల్లోకి నీరు పట్టుకుంటాము, ఆ గొట్టాల్లో ఆకులు అడ్డుపడితే ఒక్క వానలో వేల లీటర్లు వృథాగా పోతాయి. కరెంటు మీటరులో ముందుగా డబ్బు కట్టి టోకెను సంఖ్య నొక్కుకోవాలి, అది అయిపోతే రాత్రి చదువులు ఆగిపోతాయి. స్కూలు ఖర్చులు, కూరగాయలు, బోడాబోడా మోటారుసైకిలు కిరాయి దాకా అన్నీ ఎంపెసా ద్వారానే. ఫోనులో డబ్బు పంపుకునే ఈ పద్ధతి ఇక్కడ 2007లోనే మొదలైంది, అందుకే మారుమూల పల్లెలోని ముసలివారికి కూడా అది బాగా తెలుసు. ప్రతి చెల్లింపునూ మావారు అదే రోజు పుస్తకంలో ఎక్కిస్తారు. దాతల కానుకకు లెక్క చెప్పడం కూడా పరిచర్యలో భాగమేనని ఆయన నమ్మకం, నాది కూడా.

మధ్యాహ్నం మందుల అల్మారా దగ్గర కూర్చుంటాను. ఈ ఎత్తులో మలేరియా తక్కువే, కానీ సెలవులకు పల్లపు ప్రాంతాలైన బుసియా వైపు, విక్టోరియా సరస్సు వైపు బంధువుల ఇళ్లకు వెళ్లి వచ్చిన పిల్లలకు తరచుగా వస్తుంది. ఆసుపత్రిలో పరీక్ష చేసి ఇచ్చే మాత్రలు మూడు రోజుల్లో ఆరు మోతాదులు వేసుకోవాలి, పాలతోనో కొవ్వు ఉన్న ఆహారంతోనో వేసుకుంటేనే ఒంటికి బాగా పడతాయి. రెండో రోజుకే జ్వరం తగ్గి ఆటలకు పరుగెత్తే పిల్లవాడిని పట్టుకొని మిగిలిన మోతాదులు పూర్తి చేయించడమే అసలు శ్రమ. పుట్టుకతో హెచ్ఐవి సోకిన బిడ్డలు కూడా మా మధ్య ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రి ఉచితంగా ఇచ్చే మందు వాళ్లు రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. తోటి పిల్లలకు తెలియకుండా, గృహమాత గదిలో, లెక్కలు చూపించమని పిలిచినట్టు పిలిచి ఇస్తాము. ఆ బిడ్డలు చక్కగా ఎదుగుతున్నారు, అందరితో సమానంగా ఫుట్‌బాల్ ఆడుతున్నారు.

సెలవుల నుంచి పిల్లలు తిరిగి వచ్చిన రోజున చేసే పని ఒకటి మనవాళ్లకు కొత్తగా ఉంటుంది. మట్టి నేల ఉన్న ఇళ్లలో ఫుంజా అనే ఇసుక మిన్నల్లి ఉంటుంది. అది మిరియపు గింజకంటే చిన్నది, పాదం చర్మంలోకి దూరి గుడ్లతో ఉబ్బుతుంది, చుట్టూ పుండు పడి బిడ్డ మడమల మీద నడవడం మొదలుపెడుతుంది. పర్మాంగనేట్ కలిపిన లేత ఊదారంగు నీళ్ల బేసినులో పిల్లల పాదాలు పావుగంట నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కొక్క వేలి సందూ దీపం వెలుగులో వెతుకుతాము. గృహమాతల్లో పెద్దావిడ ఈ పనిలో నాకు గురువు. ఆవిడ పాదం ఒళ్లో పెట్టుకొని, బిడ్డతో ఇంటి కబుర్లు మాట్లాడుతూనే పని ముగిస్తుంది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన భాగాన్ని నేను ఎన్నోసార్లు విన్నాను, ఆవిడ పక్కన కూర్చున్న తరువాతే దాని లోతు నాకు అందింది.

రాత్రి భోజనం ఉగాలి, సుకుమా వీకి. ఉగాలి మన సంకటిలాగే చేత్తో ముద్ద చేసి నంచుకు తినేది, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండితో మరింత గట్టిగా కెలుకుతారు. సుకుమా వీకి క్యాబేజీ జాతికి చెందిన ఆకుకూర, సన్నగా తరిగి ఉల్లి, టమాటాతో వేయిస్తారు. పండగ రోజుల్లో చపాతీలు చేస్తాము. మొంబాసా నుంచి కిసుము దాకా 1896–1901 మధ్య రైలుమార్గం వేయడానికి భారతదేశం నుంచి వేలాది కూలీలు ఈ దేశానికి వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన చపాతీ ఇప్పుడు ఇక్కడి క్రిస్మస్ వంటకం. అప్పటి నుంచి స్థిరపడిన భారతీయ కుటుంబాల దుకాణాల్లో మాకు కందిపప్పు, ఆవాలు దొరుకుతాయి. భోజనం తరువాత ప్రార్థన పిల్లలే నడిపిస్తారు. ఒకరు పాట ఎత్తుకుంటే డప్పు లేకపోయినా బల్ల మీద దరువు మొదలవుతుంది, చిన్నవాళ్లు నిద్రకు తూగే దాకా ఆపరు.

ఇంతవరకు చెప్పినది దినచర్య. దీనికంటే ముఖ్యమని నేను నమ్మే పని హోమ్ గేటు బయట ఉంది. మా హోమ్ పిల్లల్లో ఎక్కువమందికి బంధువులున్నారు, చాలామందికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారు. వాళ్లను ఇక్కడికి తెచ్చింది పేదరికం, రోగం, బడి దూరం కావడం. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త హోమ్‌ల నమోదు నిలిపివేసింది. 2022లో కొత్త బాలల చట్టం వచ్చింది, అదే ఏడాది పిల్లలను క్రమంగా కుటుంబాల్లోకి చేర్చడానికి పదేళ్ల ప్రణాళిక కూడా ప్రకటించింది. హోమ్‌లు మూసేస్తారేమోనని కొందరు దాతలు కలవరపడ్డారు. నేను మాత్రం ఇది సరైన దారి అనే అంటాను. మా మామగారు ఒంగోలు మిషన్ బోర్డింగులో చదువుకున్న మనిషి. సెలవులు వస్తే నడిచి తన పల్లెకు వెళ్లేవారు, తన ఇల్లు ఏదో ఆయనకు ఎప్పుడూ తెలుసు. మంచి భోజనం, మంచి మంచం ఇచ్చినా, బిడ్డకు ఆ ఎరుక మనం ఇవ్వలేము. పైగా మావంటి వాలంటీర్లు వస్తారు, పోతారు. వచ్చిన ప్రతివారూ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని, ఫోటో తీసుకొని, కొన్ని వారాలకు వెళ్లిపోతే ఆ బిడ్డ మనసు ఎన్నిసార్లు తెగాలి? అందుకే పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు నేను ఎక్కడా పెట్టను, ముద్దుమురిపాలు గృహమాతలకే వదిలిపెడతాను.

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ ఒకే వాక్యంలో పేర్కొన్నాడు. మనం మొదటి సగానికే కట్టడాలు కట్టాము, రెండో సగం ఆ పిల్లల అమ్మమ్మ రూపంలో పల్లెలోనే ఉండిపోయింది. సామాజిక కార్యకర్తతో కలిసి నేను అలాంటి ఒక అమ్మమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ మనవలిద్దరూ మా దగ్గరే ఉన్నారు. పేడతో అలికిన నేల, ఒక మూల మొక్కజొన్న కంకుల గుట్ట, కురిసే కప్పు కింద పెట్టిన ప్లాస్టిక్ బేసిన్లు. ఆవిడ మాకు టీ ఇచ్చి, పిల్లల కోసం దాచిన రెండు దుప్పట్లు తెచ్చి చూపించింది. కావలసినవి కొత్త రేకులు, యూనిఫారాలు, ఒక పాడి మేక, నెలనెలా వచ్చి చూసే మనిషి. హోమ్‌లో ఆ ఇద్దరి మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే. పిల్లల వ్యవహారాల అధికారి ఒప్పుకున్నారు. ముందుగా ఆగస్టు సెలవులకు వాళ్లను అక్కడికి పంపి చూస్తాము, అంతా సవ్యంగా ఉంటే జనవరిలో మొదలయ్యే బడి సంవత్సరం నుంచి వాళ్లు అమ్మమ్మ దగ్గరే ఉంటారు.

ఇక ఏం పంపమంటారని అడిగినవారికి నా జవాబు ఇది. పాత బట్టలు పంపవద్దు; కిటాలే సంతలో మితుంబా పేరుతో అవి గుట్టలుగా దొరుకుతాయి, రవాణా ఖర్చు దండగ. పైకప్పు రేకుల కోసం, గృహమాతల జీతాల కోసం, సామాజిక కార్యకర్త ప్రయాణాల కోసం కానుకలు పంపండి. రావాలనుకునే యువకులు కనీసం ఒక సంవత్సరం కేటాయించి, స్వాహిలి మొదలుపెట్టి, ప్లంబింగో లెక్కలు రాయడమో టైలరింగో ఏదైనా పని చేతిలో ఉంచుకొని రండి.